నొప్పిగా ఉందా

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో
ఎవరినీ అడగలేదు ఈ మాట.
నా బల్ల మీదికి వచ్చేవాళ్ళకు
అప్పటికే అన్ని నొప్పులూ తీరిపోయి ఉండేవి.

ఇప్పుడు ఆదివారాలు
గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో
ఒక పళ్ళ డాక్టరు తన గది తాళం మాకిస్తాడు.
వెనక్కి వాలే కుర్చీ,
గాజు బీరువాలో ఇకిలిస్తున్న దంతాల బొమ్మ,
లాయరు పిచ్చేశ్వరరావు వెంటబెట్టుకొచ్చే మనుషులు.
బోర్డు లేదు, ఫీజు లేదు.
మరియరాణి సిస్టరు ఫ్లాస్కులో టీ ఉంటుంది,
మూడో గ్లాసుకి చల్లారిపోయి.

ఈ వారం ఏసోబు.
మిర్చి యార్డులో హమాలీ.
రెండు బస్తాలు లెక్క తగ్గాయని
మూడు రాత్రులు స్టేషన్లో ఉంచుకుని
శుక్రవారం వదిలేశారు,
బాత్రూములో జారిపడ్డాడని ఒక కాగితం చేతికిచ్చి.

అతను గదిలోకి రాగానే
యార్డుకి కట్టుకెళ్ళే ఆ లుంగీ మడతల్లోంచి ఘాటు లేచింది.
నేను తుమ్మాను. సిస్టరు తుమ్మింది.
లాయరైతే ఆపకుండా నాలుగుసార్లు.
ఏసోబు ఒక్కడే తుమ్మలేదు.
"మాకలవాటండీ" అన్నాడు
ఆ నేరం కూడా ఒప్పుకుంటున్నట్టు.

అరికాళ్ళు చూపించమన్నాను.
నా చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండగానే
వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి.
శవం పాదం ముడుచుకోదు.
గాల్లోనే ఆగిపోయాను.
అరవై నాలుగేళ్ళ వయసులో
మొదటిసారి వార్డుకొచ్చిన కుర్రాడిలా
గొంతు సవరించుకుని
"నొప్పిగా ఉందా?" అన్నాను.

అతను లాయరు మొహం చూశాడు,
ఏం చెప్తే మంచిదో అన్నట్టు.

స్కేలు పెట్టాను.
ఎడమ అరికాలు, నాలుగు. కుడి, ఏడు.
ఒక్కొక్కటీ జంట గీతలు, నడుమ పాలిపోయిన సందు.
లాఠీ పడ్డచోట నెత్తురు అటూ ఇటూ పారిపోతుంది.
సరిగ్గా దెబ్బ తగిలిన చోటే
చర్మం ఏమీ ఎరగనట్టు ఉంటుంది.
వైవాలో ఎంతమంది పిల్లల్ని అడిగానో ఈ ప్రశ్న,
చెప్పలేని వాళ్ళని ఎంత విసుక్కున్నానో.

మిరపకాయ ఆకుపచ్చలోంచి ఎరుపుకి పండుతుంది.
కమిలిన చోటు ఎరుపులోంచి ఆకుపచ్చకి
వెనక్కి పండుతుంది.
అందుకే మాకు తొందర.
ఇంకో పది రోజులైతే ఒళ్ళే సాక్ష్యం చెరిపేస్తుంది.
గాయం మానడం మంచిదే.
కేసుకి కాదు.

బాత్రూము గచ్చు ఎవర్నీ
అరికాళ్ళ మీద వరసగా పదకొండుసార్లు కొట్టదు,
అని రాద్దామనుకున్నాను.
రిపోర్టులో అలా రాయకూడదు.
"చెప్పబడిన కారణంతో ఈ గాయాలు పొసగవు" అని రాశాను.
పొసగవు.
ఉన్న కోపమంతా ఆ నాలుగక్షరాల్లో
ఇరుక్కుని కూర్చుంది.

ఒకప్పుడు ఇదే మాట రాయాల్సినచోట
"అభిప్రాయం చెప్పలేను" అని రాసినవాణ్ణి.
తెనాలి వైపు పిల్లవాడు. పందొమ్మిదేళ్ళు.
ఆ రోజు నా సంతకం
ఎన్నడూ లేనంత గుండ్రంగా వచ్చింది.

ఏసోబు కాగితాల మీద నెమ్మదిగా పేరు రాశాడు.
చెప్పులు చేత్తో పట్టుకుని లేచాడు.
"సారూ, ఇయ్యన్నీ సరే.
నేను మళ్ళీ బస్తా ఎత్తగలనంటారా?"

నాకు తెలియదు.
నా బల్ల మీంచి ఎవరూ
రేపటి సంగతి అడగలేదు.
"ఎముకల డాక్టరమ్మ ఫరీదా వచ్చే ఆదివారం వస్తుంది,
ఆవిడ చూసి చెప్తుంది" అన్నాను.
"ఆదివారందాకా ఇంట్లో ఎట్టాగండీ" అనలేదు.
అనకుండానే వినబడింది.

మడమల మీద నడుస్తూ,
గోడ పట్టుకుని,
ఒక్కో మెట్టూ పక్కవాటుగా దిగాడు.
సిస్టరు కిటికీలన్నీ తెరిచింది.
అయినా ఘాటు పోలేదు.

రేపు పొద్దున్నే
ఆ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు
ఎందుకో తెలియకుండానే తుమ్ముతారు.